పుట్టింట ఉండిపోయిన మేనత్త

చిన్నతనంలోనే భర్తను పోగొట్టుకుని, పుట్టింటికి తిరిగి వచ్చి, కన్నుమూసేదాకా అన్నదమ్ముల దగ్గరే ఉండిపోయిన మేనత్త ఒకప్పటి తెలుగు ఇళ్లలో తరచుగా కనిపించే మనిషి. గోదావరి, కృష్ణా డెల్టాల అగ్రహారాల్లో ఇద్దరేసి మేనత్తలు ఉన్న ఇళ్లు కూడా ఉండేవి. కోస్తాలో పిల్లలు అత్తయ్య అని పిలిచేవారు, తెలంగాణలో అత్తమ్మ అనేవారు. ఒకరికి మించి ఉంటే పెద్దత్తయ్య, చిన్నత్తయ్య, లేకపోతే అత్తవారి ఊరు కలిపి పిఠాపురం అత్తయ్య, బాపట్ల అత్తయ్య. ఆ ఊళ్లో ఆమె కాపురం చేసింది నాలుగు నెలలైనా కాకపోవచ్చు. కొందరైతే ఆ ఊరి గడప తొక్కకుండానే భర్త పోయినవారు. ఊరి పేరు మాత్రం జీవితాంతం ఆమెను అంటిపెట్టుకుని ఉండేది.

ఈ జీవితం అన్ని కులాల్లోనూ ఒకలా లేదు. ఒళ్లు వంచి పనిచేసే చాలా కులాల్లో మారుమనువు ఆచారంగానే ఉండేది. భర్త పోయిన ఆడపిల్ల కొంతకాలానికి మరో ఇంటికి వెళ్లేది. బ్రాహ్మణ, వైశ్య కుటుంబాల్లోనూ, వారి పద్ధతులను అనుసరించిన కొన్ని భూస్వామ్య కుటుంబాల్లోనూ ఆ దారి మూసుకుపోయింది. బాల్యవివాహం, మారుమనువు లేకపోవడం, ఈ రెండూ కలిసినచోటే పుట్టింట ఉండిపోయిన మేనత్తలు తయారయ్యారు.

బాల్యవివాహాలు ఏ స్థాయిలో జరిగేవో గురజాడ అప్పారావు 1897లో అచ్చయిన 'కన్యాశుల్కం' తొలి ముద్రణకు రాసిన పీఠికలో చూడవచ్చు. విజయనగరం మహారాజు అంతకు కొన్నేళ్ల ముందు విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్ల కాలంలో జరిగిన శుల్కవివాహాల పట్టిక తీయిస్తే, లెక్కకు వచ్చినవి 1,034. వాటిలో 99 మంది పెళ్లికూతుళ్ల వయసు అయిదేళ్లు, 44 మందికి నాలుగేళ్లు, 36 మందికి మూడేళ్లు, ఆరుగురికి రెండేళ్లు, ముగ్గురికి ఒక్క ఏడాది. వరులు పెద్దవాళ్లు, కొందరు ముసలివాళ్లు. వరుడు ఈడువాడే అయినా కలరా, మశూచి, 1918లో వచ్చిన ఇన్‌ఫ్లుయెంజా ఎవరినీ వదల్లేదు. పెళ్లి అంటే ఏమిటో తెలియని వయసులో వైధవ్యం వచ్చిపడిన పిల్లలు ఊరూరా ఉన్నారంటే ఆశ్చర్యం లేదు.

వితంతు వివాహాన్ని చట్టం 1856లోనే ఒప్పుకుంది. తెలుగునాట ఆ చట్టాన్ని ఆచరణలోకి తెచ్చినవాడు కందుకూరి వీరేశలింగం. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించాడు. పనివాళ్లు ఇంటికి రావడం మానేస్తే ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ తానే గోదావరి నుంచి నీళ్లు మోసుకొచ్చింది. అంత ధైర్యం చేసిన ఇళ్లు కొద్ది. మిగిలిన ఇళ్లలో తండ్రి బండి కట్టుకుని వెళ్లి కూతురిని వెంట తెచ్చుకునేవాడు. 1930 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన శారదా చట్టం ఆడపిల్ల పెళ్లి వయసును పద్నాలుగేళ్లుగా పెట్టింది. ఆ గడువు రాకముందే చంటిపిల్లలకు సైతం హడావుడిగా పెళ్లిళ్లు చేసేశారు. 1980లు, 90ల దాకా బతికి ఉన్న చివరి తరం మేనత్తల్లో ఆ హడావుడి పెళ్లిళ్ల పిల్లలు కొందరు ఉన్నారు.

పుట్టింటికి వచ్చిన ఆడపిల్లకు చేతిలో ఏమీ ఉండేది కాదు. అత్తింటి ఉమ్మడి ఆస్తిలో ఆమెకు దక్కేది మనోవర్తి, అంటే తిండికీ బట్టకూ సరిపడా ఏటా ఇన్ని బస్తాల ధాన్యం, లేదా ఇంత సొమ్ము. అదైనా మరుదులు సక్రమంగా పంపితేనే. పంపని ఏడు అన్నగారు వెళ్లి అడగాలి, పెద్దమనుషుల్లో పెట్టాలి, కాదంటే కోర్టుకెక్కాలి. ఇంత దూరం వెళ్లడం ఇష్టంలేక ఊరుకున్న కుటుంబాలే ఎక్కువ. 1937 చట్టం భర్త వాటాలో వితంతువుకు హక్కు ఇచ్చింది గాని, ఆమె జీవితకాలం అనుభవించడానికే తప్ప అమ్మే వీలు లేదు. 1956 హిందూ వారసత్వ చట్టం ఆ పరిమితిని తీసేసింది. మనోవర్తి కింద ఇచ్చిన ఆస్తి కూడా ఆమెకు పూర్తి సొంతమేనని ఆంధ్ర నుంచి వెళ్లిన ఒక వితంతువు కేసులో సుప్రీంకోర్టు 1977లో తీర్పు చెప్పింది. అప్పటికి చాలామంది మేనత్తలు తమకు రావలసినదాన్ని అన్నదమ్ముల పిల్లల పేర రాసిచ్చేసి, ట్రంకు పెట్టె ఒక్కటి మిగుల్చుకుని ఉన్నారు.

ఆమె చోటు సాధారణంగా వంటింటి పక్క గది, లేదా పెరటి వసారా. ఒక నవ్వారు మంచం, లేదంటే చాప, గోడకు జపమాల సంచి, పైన దండెం. మడి బట్ట ఆ దండెం మీదే ఆరేది, ఎవరి చెయ్యీ తగలకుండా కర్రతో వేసి కర్రతో తీసేవారు. పాత తరంలో తల తీయించి, నారమడి గాని తెల్లపంచె గాని కట్టబెట్టి, తల మీదికి ముసుగు లాగేవారు. తరువాతి తరంలో తల తీయించడం తగ్గింది. బొట్టు, గాజులు, పువ్వులు, రంగు చీర మాత్రం తిరిగి రాలేదు.

రోజు తెల్లవారుజామున నూతి దగ్గర తలస్నానంతో మొదలయ్యేది. తడిబట్టతో మడినీళ్లు తోడి, పొయ్యి వెలిగించి, ఇత్తడి గిన్నెలో ఎసరు పెట్టి, రాచిప్పలో పులుసు కాచేది. మగవాళ్లు, పిల్లలు, తరువాత కోడళ్లు తిన్నాక, మధ్యాహ్నం ఎప్పటికో ఆమె విస్తరి పరుచుకునేది. మడిలో ఉన్నంతసేపు పిల్లలు ఆమెను ముట్టుకోకూడదు. అయితే బట్టలు విప్పేసిన పసిపిల్లలు తాకితే మడి పోదు. అందుకే మూడేళ్ల, నాలుగేళ్ల పిల్లలు చొక్కా, లాగూ నూతి దగ్గరే వదిలేసి పరుగెత్తుకెళ్లి ఆమె ఒళ్లో కూర్చునేవారు. కఠినమైన ఆచారంలో ఇంత వెసులుబాటు ఉండడం ఆమెకూ పిల్లలకూ దక్కిన అదృష్టమే.

ఆమె అన్నం తినేది ఒక్క పూటే. రాత్రికి ఫలహారం. ఏకాదశి నాడు అదీ లేదు. ఆ రాత్రి ఫలహారం చాలా ఇళ్లలో ఉప్పుపిండి. బియ్యపు రవ్వ, గుప్పెడు పెసరపప్పు, మిరియాలో ఎండుమిరపకాయో వేసి, ఇత్తడి గిన్నెలో నిప్పుల మీద మగ్గబెట్టేది. గిన్నె అడుగున ఎర్రగా పట్టిన మాడు కోసం పిల్లలు భోజనం చేసి కూడా కూర్చునేవారు. అట్లకాడతో గీకి తలా ఒక ముక్క పెట్టి, మిగిలింది తను తినేది. ఆమెకు రాత్రి అన్నం లేకుండా చేసిన నియమం వల్ల పుట్టిన వంట అది. ఆమె పోయాక ఆ ఇంటి పిల్లలు అందరికంటే ఎక్కువగా తలచుకున్న రుచీ అదే. తలచుకునేవారిలో ఎంతమందికి ఆ నియమం సంగతి గుర్తుండేదో చెప్పడం కష్టం.

ఏడాదికి సరిపడా నిలవ పదార్థాలన్నీ ఆమె చేతి మీదుగా జరిగేవి. వైశాఖంలో ఆవకాయ. కాయలు నీళ్లలో కడిగి, పొడిబట్టతో ఒక్కొక్కటీ తడి లేకుండా తుడిచి, కత్తిపీట మీద టెంకతో సహా ముక్కలు కొట్టించేది. టెంక లోపలి పలుచని పొరను గీకి తీయడం పిల్లల పని. ఆవపిండి, కారం, దంచిన ఉప్పు సోలతో కొలిచి, గుప్పెడు మెంతులు, శనగలు కలిపి, నువ్వులనూనెలో ముంచిన ముక్కలను ఆ పిండిలో పొర్లించి జాడీకెత్తేది. జాడీ మూతికి గుడ్డతో వాసెన కట్టి మూడో రోజు తిరగ కలిపేది. ఉప్పు చాలిందో లేదో నాలుక మీద వేసుకుని చూడనక్కరలేకుండా వాసనతోనే చెప్పగలిగేవారు ఉండేవారు. కలిపిన బేసిన్‌లో వేడి అన్నం, నెయ్యి వేసి, అంటుకుని మిగిలిన పిండితో ముద్దలు చేసి చుట్టూ కూర్చున్న చేతుల్లో పెట్టడంతో ఆ రోజు పని ముగిసేది. మాగాయ, చింతకాయ, గుమ్మడి వడియాలు, పిండి వడియాలు, అప్పడాలు, ఎండాకాలం పొడుగునా మేడ మీదో పెరట్లోనో ఆరుతూనే ఉండేవి.

మధ్యాహ్నం పూట వత్తులు. పెరట్లో దేవకాపాసం చెట్టు ఉంటే ఆ పత్తి, లేకపోతే కొన్న పత్తి. గింజ వేళ్లతో ఒలిచి, దూదిని పొరలు పొరలుగా విప్పి, వేళ్లకు విభూతి అద్దుకుని, సన్నటి పోగు లాగి అరచేతుల మధ్య నలిపేది. కార్తీక పౌర్ణమికి ఇంట్లో ఒక్కొక్కరికి 365 వత్తుల కట్ట కావాలి, రోజుకొకటి చొప్పున ఏడాది మొత్తానికి. ఎవరైనా లక్షవత్తుల నోము పడితే ఆ పని నెలల తరబడి సాగేది. నోము పట్టేది ముత్తయిదువ. పీట మీద కూర్చునేది, వాయనాలు ఇచ్చేది, పుచ్చుకునేవాళ్లు, అందరూ ముత్తయిదువలే. వత్తుల్లో ఎన్నో వేలు చేసి లెక్కపెట్టి, వందకొక కట్టగా కట్టి ఇచ్చిన మేనత్త ఆ పూట వంటింట్లో ఉండేది. ఇదే తీరు పెళ్లిళ్లలోనూ. తలంబ్రాల బియ్యం ఏరడం నుంచి అరిసెల పాకం దాకా ఆమె చెప్పినట్టే జరిగేది. ముహూర్తం వేళకు మాత్రం ఆమె తలుపు చాటుకు వెళ్లాలి. పొద్దున్నే ఊరికి బయలుదేరే అన్నగారికి ఎదురు రాకుండా, ఎవరూ చెప్పకముందే తానే పక్కకు తప్పుకునేది. పెళ్లయిన ఆడపడుచుకు హారతి కట్నాలు, గుమ్మంలో నిలేసి పేర్లు చెప్పించడాలు, లాంఛనాల చీరలు ఉండేవి. ఆమె తోబుట్టువే అయిన వితంతువుకు వాటిలో ఒక్కటీ లేదు. ఆమెను ఎంత ప్రేమగా చూసుకున్న ఇల్లయినా ఈ పని చేసింది. ఆ ఇళ్ల మంచితనం చెప్పేటప్పుడు ఈ సంగతి దాచకూడదు.

పురిటి గది మాత్రం ఆమె రాజ్యం. బాలింతకు పత్యం, కాయం ముద్ద, సాంబ్రాణి పొగ, వేణ్ణీళ్లు ఆమె చూసుకునేది. రెండు కాళ్లూ చాపి, బిడ్డను కాళ్ల మీద బోర్లా పడుకోబెట్టి నూనె మర్దించి, నలుగు పెట్టి, తలకు చెయ్యి అడ్డుపెట్టి నీళ్లు పోసేది. వసకొమ్ము అరగదీసి నాలుకకు రాయడం, కడుపునొప్పికి వాము నీళ్లు, నెలనెలా ఆముదం, దగ్గుకు శొంఠి కషాయం, ఇవన్నీ ఆమె చేతి వైద్యం. తన కడుపున బిడ్డ పుట్టని మనిషి ఒక ఇంట్లో మూడు తరాల పిల్లలకు నీళ్లు పోసిన ఉదాహరణలు తెలుగు దేశమంతా ఉన్నాయి.

చదువు అబ్బనివ్వకపోయినా చాలామంది మేనత్తలకు వందల కొద్దీ పాటలు కంఠస్థం. ఊర్మిళాదేవి నిద్ర, లక్ష్మణదేవర నవ్వు, కుశలవుల యుద్ధం, సీత అగ్నిప్రవేశం వంటి స్త్రీల రామాయణపు పాటలు మధ్యాహ్నపు పనుల వేళ నోటికి వచ్చేవి. ఈ పాటల్లో యుద్ధాల కంటే ఇంటి గొడవలు, అలకలు, ఆడవాళ్ల కష్టాలు ఎక్కువ. పద్నాలుగేళ్లు మొగుడికి దూరమై నిద్రపోయిన ఊర్మిళ కథను వైధవ్యంలో ఉన్న స్త్రీ పాడుతుంటే వింటున్న కోడళ్లు పని ఆపేసేవారు. కొన్ని అచ్చుకెక్కాయి. ఇంటింటి పాఠాంతరాలు పాడినవారితోనే పోయాయి.

అందరూ వంటింట్లోనే ఆగిపోలేదు. దువ్వూరి సుబ్బమ్మ బాలవితంతువు. తూర్పు గోదావరిలో స్వాతంత్ర్యోద్యమంలోకి దూకి జైలుకు వెళ్లింది. సంఘ సంస్కర్తలైన ఉన్నవ దంపతులు 1922లో గుంటూరులో స్థాపించిన శారదా నికేతనం, సంఘసేవిక దుర్గాబాయి 1937లో మద్రాసులో నెలకొల్పిన ఆంధ్ర మహిళా సభ ఇలాంటి ఆడపిల్లలను చదివించి, టీచర్లుగా, నర్సులుగా తమ కాళ్ల మీద నిలబెట్టాయి. టీచరు ఉద్యోగం దొరికిన మేనత్త జీతంతో అన్నదమ్ముల పిల్లల ఫీజులు కట్టిన ఇళ్లు చాలా ఉన్నాయి. ఆమె మాటకు ఇంట్లో విలువ మారిపోయేది. మడి సడలేది, పేపరు ఇంటికి వచ్చేది, మేనకోడళ్ల పెళ్లి వయసు రెండు మూడేళ్లు పెరిగేది.

ఆమె మరణానికి ఏర్పాట్లు ఆమే ముందుగా చేసుకునేది. కాశీ వెళ్లగలిగితే అక్కడి నుంచి మూతి బిగించిన రాగి చెంబుతో గంగ తెచ్చుకుని పెట్టెలో దాచేది. పక్కనే ఒక కొత్త పంచె, దినాల ఖర్చుకని మూటగట్టిన కాసిని రూపాయలు. తన కర్మకు ఎవరికీ భారం కాకూడదని ఆమె పట్టుదల. ప్రాణం పోయేముందు చెంబు మూతి విప్పి గొంతులో పోసేది పెంచుకున్న మేనల్లుడో, తమ్ముడో.

ఆ తరువాత శాస్త్రం అడ్డు వచ్చేది. పెళ్లితో గోత్రం మారింది కాబట్టి ఆమెకు పది రోజుల మైల పట్టవలసినవారు అత్తింటి దాయాదులు. అరవై ఏళ్లు ఆమె చేతి అన్నం తిన్న పుట్టింటివారికి పట్టేది కొద్ది రోజుల మైలే. ఏనాడూ చూడని దాయాదులు ఏ ఊళ్లోనో పదో రోజు స్నానం చేస్తే, ఆమె పెంచిన పిల్లలు అంతకు ముందే శుద్ధి అయిపోయేవారు. కర్మ చేయడానికి అత్తింటివారు రాకపోతే, వచ్చినా ఇష్టపడకపోతే, అన్నదమ్ముల కొడుకు కర్త అయ్యేవాడు. దత్తత జరిగిన ఇంట్లో ఈ చిక్కు లేదు. మిగిలినవారు ధర్మోదకాలు వదిలి దుఃఖం తీర్చుకునేవారు. మైల తీరినా నెల దాకా పండుగ వంట చేసుకోని ఇళ్లు, ఏడాది ఆవకాయ పెట్టుకోని ఇళ్లు శాస్త్రం చెప్పని సంతాపాన్ని తమంత తాము పాటించాయి.

పెట్టె తెరిస్తే దొరికేవి తక్కువ. తులసి పూసల పేరు, మడత విప్పని కాశీ పంచె, పిల్లల పాత జాతకాలు, ఎవరో అమెరికా నుంచి పంపిన ఉత్తరం, భర్త పేరున ఎప్పటిదో మనోవర్తి కాగితం. ఫోటో ఉండేది కాదు. పెళ్లి ఫోటోల్లో ఆమె లేదు, విడిగా తీయించాలని ఎవరికీ తోచలేదు. గ్రూపు ఫోటోలో వెనక తలుపు దగ్గర సగం కనిపించే ముఖాన్ని పెద్దది చేయించి గోడకు తగిలించినవారు ఉన్నారు. ఇత్తడి గిన్నెలు కోడళ్లు పంచుకునేవారు. కొలతలు పంచుకోవడం కుదరలేదు, ఆమె గుప్పెడూ చిటికెడూ ఆమె చేతివే. మేనకోడళ్లు రాసుకున్న వంట నోటు పుస్తకాల్లో 'అత్తయ్య పులిహోర', 'అత్తయ్య కాయం' అన్న శీర్షికలు ఇప్పటికీ కనిపిస్తాయి. హ్యూస్టన్‌లో, మెల్‌బోర్న్‌లో ఉన్న మనవలు ఆ పేజీలను ఫోన్‌లో ఫోటో తీసుకుని వండుకుంటున్నారు.

ఈ జీవితం అంతరించడానికి కారణాలు ఒకేసారి కూడాయి. బాల్యవివాహాలు తగ్గాయి, మందులు వచ్చి పడుచు మగవాళ్ల చావులు తగ్గాయి, ఆడపిల్లలకు చదువూ ఉద్యోగమూ వచ్చాయి, భర్త పోయిన స్త్రీ మళ్లీ పెళ్లి చేసుకోవడం మెల్లగా మామూలైంది. ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానమైన వాటాను పెళ్లికాని కూతురికి ఇచ్చింది. 2005లో కేంద్రం దాన్ని పెళ్లయిన కూతుళ్లకూ వర్తింపజేసింది. పుట్టింట ఉండిపోయిన పాత మేనత్తలకు ఇవి ఆలస్యంగా వచ్చాయి. ఉమ్మడి ఇళ్లు వాటాలై, పెరళ్లు అపార్ట్‌మెంట్లయ్యాయి. రెండు గదుల ఫ్లాటులో నాలుగో మనిషికి చోటు లేదు. నిలవ పచ్చళ్లు సీసాల్లో వస్తున్నాయి, బాలింతకు ఆస్పత్రి చీటీ ఉంది. ఆ కష్టం పోవడం మంచిదే. ఆమె చేతుల్లో ఉన్న విద్యను, ఇంట్లో ఎప్పుడూ ఒక పెద్ద మనిషి మేలుకుని ఉండడాన్ని అందుకోవడానికి మరో ఏర్పాటు ఎవరూ చేసుకోలేదు.

ఆమెకు ఆబ్దికం ఏటా పెట్టిన మేనల్లుళ్లు కొద్దిమందే. మహాలయ పక్షంలో మాత్రం తండ్రి వంశం, తల్లి వంశం అయ్యాక వదిలే నువ్వుల నీళ్లలో మేనత్తకూ ఒక వంతు ఉంది. పురోహితుడు ఆమె పేరు, గోత్రం అడుగుతాడు. పేరు అత్తయ్య అని తప్ప తెలియనివాళ్లు ఇంట్లో పెద్దవాళ్లకు ఫోన్ చేసి కనుక్కుంటారు. ఆమె అత్తింటి గోత్రం కోసం ఆ పాత మనోవర్తి కాగితమే వెతకవలసి వస్తుంది. పన్నెండేళ్లకోసారి వచ్చే పుష్కరాల్లో కూడా ఆమెకు పిండం పెట్టవచ్చు. 2015లో గోదావరికి, 2016లో కృష్ణకు వెళ్లినవారు తల్లిదండ్రుల తరువాత మేనత్తల పేర్లు చెప్పి పిండాలు కలిపారు. గోదావరి పుష్కరాలు మళ్లీ 2027లో వస్తాయి. ఆమె పేరు, గోత్రం తెలిసిన మేనల్లుళ్లలో చాలామందికి ఇప్పుడు డెబ్బై దాటాయి. ఇంటి పెద్దలు ఉండగానే వాటిని అడిగి ఒక కాగితం మీద రాసిపెట్టుకోవడం ఆ కుటుంబాలు చేసుకోగల పని.